స్ప్రింట్ నడుమ వచ్చిన మార్పును ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా తయారుచేసే ఎజైల్ పద్ధతి మార్పును స్వాగతించమంటుంది కదా, మరి స్ప్రింట్ అనే ఆ విడత నడుమ కస్టమర్ ఏది అడిగినా వెంటనే చేర్చాలా అన్నది ప్రశ్న. చేర్చనక్కరలేదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాసిన ఎజైల్ ప్రకటన, ప్రణాళికను అనుసరించడం కంటే మార్పుకు స్పందించడమే ఎక్కువ విలువైనదని చెప్పింది. అయితే ప్రణాళికకు విలువ లేదని మాత్రం అనలేదు. ఈ రెండో మాటను చాలామంది మరచిపోతారు.

ఎజైల్ విధానాల్లో ఒకటైన స్క్రమ్‌లో స్ప్రింట్ నెల దాటదు. ఆ గడువులో స్ప్రింట్ లక్ష్యానికి భంగం కలిగించే మార్పు చేయకూడదు, కానీ పని పరిధిని, ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి సవరించుకోవచ్చు.

సార్వా కోతల వేళ కోనసీమలోని ఒక రైసు మిల్లుకు మేము యాప్ చేస్తున్నాము. రెండు వారాల స్ప్రింట్‌లో నాలుగో రోజున, బస్తాల తూకంతో పాటు తేమ శాతం కూడా నమోదు కావాలని, ప్రభుత్వ కొనుగోలు పరిమితి అయిన 17 దాటితే ఆ వరుస ఎర్రగా కనబడాలని గుమాస్తా గారు అడిగారు. తూకం చీటీ సరిగా అచ్చవడమే మా లక్ష్యం కనుక, తేమ గడిని మాత్రం చేర్చి, అంతే శ్రమ పట్టే నెలవారీ నివేదికను, ఇంకా చేయాల్సిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్‌లోకి వెనక్కి పంపాము. ఎర్ర రంగు హెచ్చరిక తరువాతి స్ప్రింట్‌కు వెళ్లింది. ఈ మారకమే కీలకం. అన్నిటికీ తలూపే బృందం చివరికి పరీక్షలను కుదిస్తుంది, ఆ లోపం రైతు ఎదుట, కాటా దగ్గర బయటపడుతుంది.

చీటీ నమూనాయే మారిపోయి లక్ష్యం అర్థం కోల్పోతే, స్ప్రింట్‌ను రద్దు చేసే అధికారం ప్రొడక్ట్ ఓనర్‌కు మాత్రమే ఉంటుంది. రోజూ అత్యవసర కోరికలే వస్తుంటే, చేతిలో ఉన్న పనుల సంఖ్యకు పరిమితి పెట్టే పద్ధతి అయిన కాన్‌బాన్ నయం.