నడకలో చెయ్యి దానంతట అదే కదులుతుంటే ముందు అది ఏ రకం కదలికో తేల్చుకోండి

కూర్చున్నప్పుడు అంతగా కనిపించని చేతి కదలిక నాలుగడుగులు వేయగానే మొదలవుతోందని, దాన్ని ఎలా అదుపు చేసుకోవాలని మీరు అడిగారు. నాకూ పార్కిన్సన్స్ (శరీర కదలికలను దెబ్బతీసే మెదడు వ్యాధి) కుడిచేతితోనే మొదలైంది కనుక నా అనుభవం రాస్తున్నాను. ఆపే ఉపాయాల కంటే ముందు అది వణుకా, మందువల్ల వచ్చే కదలికా అన్నది తేలాలి. ఎందుకంటే మందు విషయంలో ఈ రెండింటికీ చేయవలసినవి ఇంచుమించు ఒకదానికొకటి వ్యతిరేకం.

వణుకుకు లయ ఉంటుంది. సెకనుకు 4 నుంచి 6 సార్లు, బొటనవేలు చూపుడువేలి మీద మాత్రను నలుపుతున్నట్టుగా ఆడుతుంది, అదీ చేతికి పనిలేనప్పుడు. నడకలో పని కాళ్లది, చెయ్యి పక్కన ఊరికే వేలాడుతుంది. పైగా ఈ వ్యాధిలో చేతి సహజమైన ఊపు కూడా తగ్గిపోతుంది. అందుకే ఏదైనా పట్టుకున్నప్పుడు అణగిన వణుకు నడిచేటప్పుడు బయటపడుతుంది. రెండోది డిస్కినీషియా. పార్కిన్సన్స్‌కు ప్రధానంగా ఇచ్చే మందు లెవోడోపాను కొన్నేళ్లు వాడాక కొందరిలో వచ్చే ఈ కదలికకు లయ ఉండదు, చెయ్యి మెలికలు తిరుగుతుంది, ఎక్కువగా మందు ప్రభావం బాగా ఉన్న వేళలోనే వస్తుంది.

నాకు రెండూ ఉన్నాయి. లెవోడోపా మాత్ర వేసుకున్న సమయం, కదలిక మొదలైన సమయం, దాని తీరు ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడంతో తేడా స్పష్టమైంది. తరువాతి మాత్ర వేళ దగ్గరపడుతున్నకొద్దీ వేళ్లు వణుకుతాయి. మాత్ర వేసుకున్న గంటకో, ఆ పైనో, అడుగులు హాయిగా పడుతున్న సమయంలోనే మణికట్టు లోపలికి మెలిపడి మోచెయ్యి బయటికి తిరుగుతుంది. ఆ పుస్తకాన్ని, నేను నడుస్తుండగా ఇంట్లోవాళ్లు తీసిన వీడియోను చూశాకే మా న్యూరాలజిస్టు అదే మందును చిన్న మోతాదులుగా విడదీసి, తరువాత డిస్కినీషియాను తగ్గించే అమాంటడిన్ అనే మందు కలిపారు. ఈ మార్పులు మీ అంతట మీరు చేయకండి, ముఖ్యంగా లెవోడోపాను హఠాత్తుగా మానెయ్యడం ప్రమాదకరం. కండరాల బిగుతు తగ్గినంతగా వణుకు లెవోడోపాకు తగ్గనివాళ్లు కూడా ఉంటారని గుర్తుంచుకుంటే మందు మీద అనవసరమైన అనుమానం రాదు.

ఇక నడిచేటప్పుడు చేసే పనులు. వణుకుకు నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది, చేతిని కావాలని పెద్దగా ముందుకూ వెనక్కూ ఊపుతూ నడవడం. భుజానికి తగిలించుకున్న సంచి పట్టీని బొటనవేలితో నొక్కి పట్టుకోవడం కూడా కొంతసేపు పనిచేస్తుంది. రెండూ ధ్యాస ఉన్నంతవరకే. మనసు మరోవైపు మళ్లగానే వణుకు తిరిగి వస్తుంది. ఫోన్‌లో మాట్లాడుతూనో, లెక్కలు వేసుకుంటూనో నడిస్తే అది పెరుగుతుంది (దాగిన వణుకును బయటికి రప్పించడానికి వైద్యులు అంకెలను వెనక్కి లెక్కపెట్టమనేది కూడా ఇందుకే). ఫిజియోథెరపిస్టు నేర్పిస్తే రెండు చేతులా నడక కర్రలు పట్టుకుని నడవడం మంచి మార్గం, చేతులకు పనీ ఉంటుంది, ఊపూ వస్తుంది. చెయ్యిని జేబులో దాచుకోవడాన్ని మాత్రం నేను సమర్థించను. తూలినప్పుడు ఆపుకోవలసింది ఆ చేతితోనే కదా. ఎవరో చూస్తున్నారన్న బెరుకు వణుకును పెంచుతుంది, దాన్ని దాచే ప్రయత్నం ఇంకా పెంచుతుంది. నేనైతే తోడు వచ్చేవాళ్లతో ఇది పార్కిన్సన్స్ అని ముందే ఒక మాట చెప్పేస్తాను.

డిస్కినీషియాకు ఈ ఉపాయాలు అంతగా పనికిరావు. చెయ్యిని గట్టిగా బిగబట్టి ఆపితే నాకు మెడో, భుజమో కదలడం మొదలుపెడుతుంది. అందువల్ల ఆ సమయంలో జనం మధ్య నడవవలసిన పనులు పెట్టుకోకుండా, అది సద్దుమణిగే వేళకు వాటిని మార్చుకుంటాను.

తరువాతిసారి వైద్యుడి దగ్గరకు వెళ్లేలోపు కనీసం వారం రోజుల సమయాలు రాసి పెట్టుకోండి. ఈమధ్య పడిపోయి ఉన్నా, పాదం నేలకు అతుక్కున్నట్టు అడుగు మధ్యలో ఆగిపోతున్నా, చేతి సంగతి కంటే ముందు ఆ విషయం చెప్పండి.