నా విషయంలో ఆ మాట ‘సెలవు’

చిన్నప్పుడు ఒక అర్థంతో వాడి, వయసు పెరిగేకొద్దీ ఇంకో అర్థంలోకి వెళ్ళిపోయిన మాట మీకేదైనా ఉందా అని అడిగారు. ఇల్లు, ప్రేమ, డబ్బు అని చాలామంది రాస్తారు, అవి వాళ్ళకే వదిలేస్తాను. నాది ప్రభుత్వాఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు. పాతికేళ్ళుగా పదిమంది సెలవు చీటీలు చూడటమే పని. అందుకే నా మాట ‘సెలవు’.

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. 1984 అక్టోబరు 31కి నేను నాలుగో తరగతి. ఇందిరాగాంధీ చనిపోయిందని సాయంత్రం రేడియోలో చెప్పారు. వీధిలో రేడియో ఉంది మా ఇంట్లోనే కాబట్టి అరుగు మీద పదిపన్నెండు మంది చేరారు. ఎవరూ మాట్లాడటం లేదు. రేపు బడి ఉండదని మా అయ్యవారు పక్కాయనతో మెల్లగా అన్నది నా చెవిన పడింది. అంతే, “సెలవూ!” అని ఒక్క అరుపు అరిచి వీధిలోకి దూకాను. నాయన లేచొచ్చి వీపు మీద ఒక్కటి ఇచ్చాడు. నాకు గుర్తున్నంతలో ఆయన నన్ను కొట్టింది రెండేసార్లు, అందులో ఇదొకటి. ఎందుకు కొట్టాడో అర్థం కాలేదు. ఎవరైనా పెద్దవాళ్ళు పోతే బడికి సెలవు, ఇందులో నా తప్పేముంది?

రెండు వారాలు తిరిగాయో లేదో తుపాను. శ్రీహరికోట వైపు తీరం దాటింది. మళ్ళీ బడి లేదు. ఆ సంవత్సరమంత మంచి సంవత్సరం ఇంకోటి రాదనుకున్నాను. మా వైపు నవంబరంటే నారుమళ్ళు, నాట్లు. ఊళ్ళో అందరూ ఆ వానల కోసమే చూస్తారు, కానీ అవి అలా మీద పడితే మిగిలేదేమీ ఉండదు. మోకాలి లోతు నీళ్ళలో నాయన నారుమడి గట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటుంటే, అదే నీళ్ళలో నేను ఆయన తువ్వాలు పట్టుకుని చేపపిల్లల వెంట పడ్డాను. ఆ రోజు మాత్రం కొట్టలేదు. తువ్వాలు లాక్కుని మొహం తుడుచుకున్నాడు.

ఇంతకీ నాయనకి సెలవు ఉండేది కాదా అంటే, ఏడాదికి ఒక్కటే, కనుమ. ఆ రోజు ఎద్దుల్ని కాడికి కట్టరు. కడిగి, కొమ్ములకి రంగు వేసి, మెడలో గంటలు కట్టి ఊరుకుంటారు. అవి మానితేనే ఆయన మానేవాడు. కానీ సెలవు అనే మాట ఆయన నోట తరచూ వినపడేది, వేరే విధంగా. మా ఊరి పాత కరణం గారింటికి ఏ కాగితం పనికో వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు చేతులు కట్టుకుని “సెలవిప్పించండి” అనేవాడు. ఇంటికొచ్చాక మా అవ్వ “ఏం సెలవిచ్చాడు మారాజు?” అని అడిగేది. ఆ గొంతులో వెటకారం ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఒకటే సందేహం. మాకు సెలవిచ్చేది హెడ్మాస్టరు, మరి మా నాయనకి కరణమెందుకిస్తాడు?

ఉద్యోగం వచ్చాక సెలవు ఒక అంకె అయిపోయింది. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మా రాష్ట్ర ఉద్యోగులకి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. డిసెంబరు 31 దాటితే అవి మురిగిపోతాయి, అందుకే డిసెంబరులో ఏ ఆఫీసు చూసినా సగం కుర్చీలు ఖాళీ. ఎర్న్‌డ్ లీవు అలా కాదు. జనవరి 1న 15, జూలై 1న 15 ఖాతాలో పడతాయి. వాడకపోతే 300 దాకా పోగవుతాయి. మధ్యలో కొన్ని సరెండర్ చేసి డబ్బు తీసుకోవచ్చు. మిగిలినవాటికి రిటైరయ్యేటప్పుడు డబ్బిస్తారు, దాన్నే ఎన్‌క్యాష్‌మెంట్ అంటారు. ఈ లెక్కంతా సర్వీసు రిజిస్టరులో రాసేది నేనే, నాది కూడా. సెలవు పెట్టకుండా దాచుకున్నవాడు తెలివైనవాడని మా సెక్షన్‌లో గట్టి నమ్మకం. నేను అందరికంటే తెలివైనవాణ్ణి. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది సరెండర్ డబ్బుతోనే. ఆ రోజు మా ఆవిడ “పోనీలే, దీన్ని చూసైనా ఒక రోజు ఇంట్లో ఉంటారు” అంది. జోకనుకున్నాను.

నాయన ఫోన్ చేసి “ఎప్పుడొస్తావురా?” అనేవాడు. “సెలవు లేదు నాయనా” అనేవాణ్ణి. అలా అన్న రోజుల్లో నా ఖాతాలో నూట నలభై పైచిలుకు ఉండేవి. ఊరు గంటన్నర దూరం. ఆయనకి ఈ ఎర్న్‌డ్ లీవుల గోల తెలియదు. నిజంగానే లేవనుకుని “సరేలే, పని చూసుకో” అని పెట్టేసేవాడు.

2016లో ఆయనకి గుండె ఆపరేషన్ అవసరమైంది. మా వైపు పెద్ద జబ్బంటే చెన్నైకే పోతాం. మూడు వారాల పైనే ఉండాల్సి వచ్చింది. వార్డులో మా పక్క మంచం పేషెంటు భార్య వేలూరు వైపు ఆమె. తెలుగు రాదు, నాకు తమిళం అంతంతమాత్రం. ఒక సాయంత్రం మందుల చీటీ పట్టుకుని వచ్చి కూలబడి, తల పట్టుకుని “రొంబ సెలవు సార్” అంది. రొంబ అంటే ‘చాలా’ అని నాకు తెలుసు. పాపం, ఈమె కూడా నాలాగే ఉద్యోగస్తురాలు, సెలవులన్నీ ఇక్కడే అయిపోతున్నాయని బాధపడుతోందనుకున్నాను. “నాకూ అంతేనమ్మా, ఇప్పటికే ఇరవై” అని వేళ్ళతో చూపించాను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, “ఇరుబదా? లచ్చమా?” అంది.

సూళ్ళూరుపేట కుర్రాడొకడు అక్కడ క్యాంటీన్ టీ తెచ్చేవాడు. వాడు పగలబడి నవ్వి, తమిళంలో సెలవంటే ఖర్చు సార్ అని చెప్పాడు. ఆమెకీ విడమరిచి చెప్పాడు. ఆపరేషనై ఆరు రోజులైన మా నాయన కుట్లు పట్టుకుని నవ్వాడు. నర్సొచ్చి కేకలేసింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళలో మేమంతా కలిసి నవ్వింది అదొక్కసారే.

తర్వాత చూస్తే మన పాత నిఘంటువుల్లోనూ సెలవుకి అనుమతి, ఆజ్ఞలతో పాటు ఖర్చు అనే అర్థం ఉంది. మనం వాడటం మానేశాం, అరవవాళ్ళు ఉంచుకున్నారు. ఆ రాత్రి వరండాలో కూర్చుని చిన్న పుస్తకంలో ఆ రోజు లెక్క రాసుకున్నాను. ఎడమవైపు బిల్లులు, కుడివైపు వాడిన లీవులు. పైన హెడ్డింగు పెట్టబోయి ఆగిపోయాను. రెండు వరసలకీ ఒకే మాట సరిపోతోంది. బిల్లుల వైపు చూస్తే గుండెలో దడ. లీవుల వైపు మాత్రం, సంపాదించిన డబ్బుని మొదటిసారి సరైన చోట ఖర్చు పెట్టినట్టుంది. ఇన్నాళ్ళూ దాన్ని ‘మిగుల్చుకున్నా’ అనుకున్నానా, ‘పోగొట్టుకున్నా’ అనుకోవాలా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎన్‌క్యాష్‌మెంట్ డబ్బు చేదని నేననను. ఆడపిల్ల పెళ్ళి చేయాల్సినవాణ్ణి.

నాయన ఆ తర్వాత రెండేళ్ళున్నాడు. ఆ రెండేళ్ళూ నేను సరెండర్ చేయలేదు. శుక్రవారమో సోమవారమో కలుపుకుని ఊరెళ్ళేవాణ్ణి. వెళ్ళి చేసేదేం లేదు. ఆయన నులక మంచం మీద, నేను అరుగు మీద. ఓసారి “ఇన్నిసార్లు వస్తున్నావు, నీకు సెలవెవరిస్తున్నారురా?” అని అడిగాడు. మొదటినుంచీ ఉన్నాయని చెప్పలేకపోయాను. “మా సారు మంచాయన” అన్నాను.

మా సెక్షన్‌లో క్యాజువల్ లీవు చీటీ మీద కారణం ఎప్పుడూ ఒకటే ఉంటుంది, “సొంత పనుల మీద”. ఎవరైనా అంతకంటే ఎక్కువ రాస్తే నేనే వెనక్కిచ్చి మార్పించేవాణ్ణి. ఫైలు శుభ్రంగా ఉండాలిగదా. పోయిన నెల కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు ఒక చీటీ ఇచ్చాడు, ఒక్క రోజుకి. కారణం దగ్గర “అమ్మని చూడాలి” అని ఉంది. జబ్బేమైనానా అని అడిగితే, “లేదు సార్, బాగానే ఉంది. చూసి చాలా రోజులైంది” అన్నాడు.

మార్చమని అనలేదు. ఇనీషియల్ వేసి పైకి పంపాను. సూపరింటెండెంటు గారు అది పట్టుకుని నా టేబుల్ దాకా వచ్చారు. “ఇదేం కారణమయ్యా?” అన్నారు.

“బ్యాలెన్స్ పదకొండుంది సార్” అన్నాను.