సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్‌లో జాకీ లేదు, కత్తెర జాకీ కొనాల్నా ఆయిల్ జాకీ కొనాల్నా?

అక్కా, మీ ప్రశ్న చదివినాను. పాత స్విఫ్ట్ తీసుకున్నారు, డిక్కీలో స్టెప్నీ ఉంది గానీ జాకీ లేదు, వీల్ పానా కూడా లేదు, రోజూ అనంతపురం నుంచి కళ్యాణదుర్గం స్కూలుకి ఒక్కరే పోయి రావాల, షాపాయన కత్తెర జాకీ తీసుకుంటే వేస్టు, రెండు టన్నుల ఆయిల్ జాకీ తీసుకోండి అంటున్నాడు, అదీ కదా మ్యాటరు. మాది ప్రొద్దుటూరు, నాకు ఒకసారి జాకీ మీద నుంచి బండి జారిపోయింది, అందుకే ఇది కొంచెం పెద్దగానే రాస్తాండా, ఓపిగ్గా చదవండి.

ముందు కొనే సంగతి. మీ బండికి కత్తెర జాకీనే కరెక్టు, అదే మర తిప్పితే కత్తెర లాగా ఇనుప చేతులు తెరుచుకుని పైకి లేస్తాది చూడండి, అది. టన్నుల లెక్క చూసి భయపడొద్దు, జాకీ బండి మొత్తాన్ని ఎత్తదు, ఒక మూలనే ఎత్తుతాది. స్విఫ్ట్ ఖాళీగా ఉంటే తొమ్మిది వందలు వెయ్యి కిలోల మధ్యలో ఉంటాది, ఇంజను ముందర ఉంటాది కాబట్టి ముందు చక్రం ఒక్కోదాని మీద 300 కిలోల పైచిలుకు పడతాది, అంతే. ఒక టన్ను జాకీ సరిపోతాది, ఒకటిన్నర టన్నుది దొరికితే ఇంకా నిశ్చింత.

ఆయిల్ జాకీ, అదే బాటిల్ జాకీ, బొలేరోలకీ లారీలకీ బాగుంటాది. మూసి ఉన్నప్పుడే అది ఆరేడు అంగుళాల ఎత్తు ఉంటాది, టైరులో గాలి మొత్తం పోతే బండి ఆ మూలన సుమారు మూడు అంగుళాలు కిందికి దిగుతాది, అప్పుడు అది కిందికి దూరనే దూరదు. దూరినా దాని తల చిన్న గుండ్రటి ఇనుము, మీ బండి అంచుకి ఉండే సన్నటి రేకు మడత మీద నిలబడదు, జారుతాది. ఇంగ సీలు పాతబడితే ఆయిల్ కారి మెల్లగా దిగుతాది. కత్తెర జాకీలో ఆ బాధ లేదు, మర తిప్పితేనే ఎక్కుతాది, మర తిప్పితేనే దిగుతాది.

షాపులో టన్నుల కంటే ముందు మూడు చూడండి. మూసినప్పుడు ఎత్తు నాలుగు అంగుళాలకి అటూ ఇటూ ఉండాల, పూర్తిగా లేపితే పద్నాలుగు అంగుళాలన్నా రావాల. తలమీద మధ్యలో గాడి ఉండాల, ఆ రేకు మడత ఆ గాడిలోనే కూర్చోవాల. కింద పాదం వెడల్పుగా ఉండాల. ఆ తర్వాత హ్యాండిలు ఎంత పొడుగుంటే అంత మేలు, మీరు ఒక్కరే తిప్పాల కాబట్టి ఇది మీకు చానా ముఖ్యం. స్క్రాప్ షాపుల్లో అదే బండి ఒరిజినల్ జాకీ చవగ్గా దొరుకుతాది, తీసుకోవచ్చు, కానీ మరలు అరిగిపోయి ఉన్నా, చేతులు వంకర తిరిగి ఉన్నా ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు.

మొదట్లో తిప్పేటప్పుడు ఎందుకు అంత గట్టిగా ఉంటాది అని చానామంది అడుగుతారు. జాకీ అణిగి ఉన్నప్పుడు దాని చేతులు దాదాపు పడుకుని ఉంటాయి. చేతులు నేలకి 20 డిగ్రీల్లో ఉన్నప్పుడు పైన 350 కిలోలు ఉంటే ఆ మర మీద దాదాపు 960 కిలోల లాగుడు పడతాది, అదే చేతులు 45 డిగ్రీలకి లేస్తే లాగుడు సరిగ్గా 350కి తగ్గుతాది. అందుకే బరువు పడకముందే, ఖాళీగా ఉన్నప్పుడే జాకీని చేత్తో తిప్పి బండికి ఆనేంత వరకు లేపుకోండి, ఆనిన తర్వాత హ్యాండిలు తగిలించండి. మరలకి ఆరు నెలలకొకసారి కొంచెం గ్రీజు పూయండి, సగం కష్టం పోతాది.

ఇంగ నాకు జరిగింది చెప్తా. ఒక వానాకాలం జమ్మలమడుగు నుంచి కోవెలకుంట్ల మీదుగా బనగానపల్లెకి పెండ్లికి పోతాన్నాం, నేను, మా ఇంటామె, మా మామ. దారిలో ఎడమపక్క వెనక టైరు పంచర్. రోడ్డు మీద నిలిపితే వెనక వచ్చే లారీలకి అడ్డమని మట్టిలోకి దించినాను. అది నల్లరేగడి, ముందురోజు వాన పడి ఉంది, జాకీ పెట్టి తిప్పుతాంటే బండి లేచేది పోయి జాకీనే భూమిలోకి దిగుతాంది. పక్కన చేను గట్టున బండ ముక్క ఒకటి కనపడింది, మా పక్క బండలకి కొదవ లేదు కదా, అంగుళం మందం ఉంటాది, ఇంతకంటే గట్టిది ఏముంటాదిలే అని దాన్ని జాకీ కింద పెట్టినాను. మళ్ళీ తిప్పినా, లేచింది, చక్రం ఊడదీసినా.

మా మామ ఇరవై ఏండ్లు లారీ తోలినాడు. ఆయన అప్పుడే టీ తాగి వచ్చి చూసి, "ఏమప్పా, స్టెప్నీని ఆడ పండబెట్టినావు, బండి కిందికి నూకు" అన్నాడు. బిగించేదే కదా మామా రెండు నిమిషాల్లో అన్నా. "రెండు నిమిషాలైనా నూకు" అన్నాడు. సరే అని పెద్దాయన మాట కాదనలేక నూకినా. నేను నట్లు ఏరుకుంటాన్నా, టప్ మని సౌండు వచ్చింది. బండ నడిమికి రెండు ముక్కలైంది, జాకీ పక్కకి ఒరిగింది, బండి ధబ్ మని వచ్చి స్టెప్నీ మీద కూర్చుంది. నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. ఆ రోజు ఆ స్టెప్నీ అక్కడ లేకుంటే బండి నేరుగా బ్రేకు డ్రమ్ము మీద పడేది, నా చెయ్యి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తాది.

తర్వాత మామనే చెప్పినాడు, బండ అంతటా నేలకి ఆని ఉంటే ఎంత బరువైనా మోస్తాది, కింద మెత్తటి మట్టి ఉండి బరువంతా నడిమిట్లో పడితే వంగలేక పగులుతాది అని. చెక్క అట్ల కాదు, వంగుతాది గానీ ఒక్కసారిగా పగలదు. ఇటుక రాయి కూడా వద్దు, చిన్న చిన్న రాళ్ళు పేర్చడం అసలే వద్దు. సామిల్లులో అడిగి అడుగు పొడుగు, అడుగు వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉండే తుమ్మ చెక్కో వేప చెక్కో తీసుకుని డిక్కీలో వేసుకోండి. జాకీ ఎత్తు కొలిచేటప్పుడు ఈ చెక్క మందం కూడా కలుపుకుని కొలవండి, మర్చిపోతారు చానామంది.

ఇంగ పద్ధతి. ఏ పక్క టైరు పంచర్ అయినా, ఎక్కడబడితే అక్కడ ఆపొద్దు, టైరు పాడైపోయినా పర్లేదు, మెల్లగా చదునుగా ఉండే చోటుకి, వీలైతే పెట్రోల్ బంకు దాకా పోండి. నాలుగు ఇండికేటర్లు వేయండి, రిఫ్లెక్టర్ త్రికోణం వెనక దూరంగా పెట్టండి. హ్యాండ్ బ్రేకు లాగి ఫస్ట్ గేరులో పెట్టండి, ఎత్తే చక్రానికి ఐమూలగా ఉండే చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. బండిలో ఎవరూ ఉండకూడదు. నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే అర తిప్పు లూజు చేయాల, పైకి లేపినాక లూజు చేస్తే చక్రం తిరుగుతాది, బండి ఊగుతాది.

జాకీ పెట్టే చోటు మీ బండి అంచు కింద వేలు పెట్టి తడిమితే తెలుస్తాది, ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందర ఆ రేకు మడతలో రెండు చిన్న గాట్లు ఉంటాయి, ఆ రెండిటి మధ్యనే పెట్టాల. ఇంకెక్కడ పెట్టినా రేకు లోపలికి పోతాది. టైరు నేల వదిలి అంగుళం రెండు అంగుళాలు లేస్తే చాలు, గాలి ఉన్న స్టెప్నీ కొంచెం లావుంటాది కాబట్టి ఆ మాత్రం కావాల. స్టెప్నీ బండి కింద పండబెట్టండి, పంచర్ చక్రం ఊడదీసినాక దాన్ని లోపలికి నూకి స్టెప్నీని బయటికి తీయండి. ఎంత లోపలికి ఏం పడిపోయినా బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు, కర్రతో లాక్కోండి. నట్లు చేత్తో బిగించి, బండి దించినాక ఎదురెదురు నట్లు పానాతో గట్టిగా బిగించాల, యాభై కిలోమీటర్లు తిరిగినాక ఇంకోసారి చూసుకోండి.

హైవే మీద చీకట్లో అయితే అసలు మీరు దిగి మార్చొద్దు, 44 హైవే లాంటి నేషనల్ హైవేల్లో 1033కి ఫోన్ చేయండి.

ఒక పని మాత్రం ఈ ఆదివారమే చేయండి, ఇంటి ముందర చదును నేల మీద ఒకసారి మార్చి చూడండి. షాపుల్లో గాలి మిషనుతో నట్లు ఎంత బిగిస్తారంటే చిన్న పానాకి రావు. పానాని గడియారంలో తొమ్మిది గంటల ముల్లు లాగా ఎడమపక్కకి అడ్డంగా తగిలించి కాలుతో కిందికి అదమండి. అప్పటికీ రాకుంటే ప్లస్ పానా, అదే ప్లస్ గుర్తు ఆకారంలో ఉండేది, కొనుక్కోండి, లేదా పంచర్ షాపులో ఒకసారి లూజు చేయించి చేతి పానాతోనే బిగించమని చెప్పండి. స్టెప్నీలో గాలి కూడా అప్పుడే చెక్ చేయించండి. చేసి చూసినాక ఏ నట్టు దగ్గర ఇబ్బంది వచ్చిందో ఇక్కడే రాయండి అక్కా, చెప్తా.