నాన్న వంతు ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఉద్యోగం చేసే తండ్రి, ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చిన కూతురు. ఈసారి శీర్షికను ఆ మూడింటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల రెండు నెలలు. నేను ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదిన్నరకే. నాతో కాసేపు గడుపుతుందని పాపను పదింటిదాకా మేలుకొలిపి ఉంచుతున్నాం. ఉదయం ఏడింటికి లేస్తుంది, మధ్యాహ్నం గంటన్నర పడుకుంటుంది. రాత్రి ఆ గంటన్నరా ఎత్తి ఎగరేస్తాను, వీపున మోస్తాను, ఇల్లంతా పరుగెత్తిస్తాను, విరగబడి నవ్వుతుంది. తీరా పడుకోబెట్టే వేళకు దుప్పటి కప్పబోతే మాత్రం ‘నాన్న వద్దు, అమ్మే’ అని నా చెయ్యి తోసేస్తుంది. మొన్న పడిపోయి మోకాలు గీరుకుపోయినప్పుడు రెండడుగుల దూరంలో ఉన్న నన్ను దాటుకుని, ఏడుస్తూ లోపలి గదిలో ఉన్న వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఉదయం నేను వెళ్లేటప్పుడు కాళ్లకు చుట్టుకుని వదలదు, అందుకని ఈమధ్య తన కంట పడకుండా జారుకుంటున్నాను. ఈ పిల్లకు నేను తండ్రినా, ఆటబొమ్మనా అన్న సందేహం పీడిస్తోంది. ఉన్న కొద్ది సమయంలో ఏం చేస్తే నాకు దగ్గరవుతుంది?

జవాబు: ముందుగా ఆ మోకాలి సంగతి చూద్దాం. దెబ్బ తగిలిన పిల్ల ఇంట్లో ఎవరంటే ఎక్కువ ఇష్టమో ఆలోచించి పరుగెత్తదు. ఇంతవరకు తన దెబ్బలను ఎవరు చూశారో వారి దగ్గరికే వెళుతుంది. గాయం కడగడం, ఊదడం, ఏడుపు తగ్గేదాకా ఒళ్లో కూర్చోబెట్టుకోవడం రెండేళ్లుగా వాళ్లమ్మ చేతుల మీదుగానే జరిగి ఉంటే, నొప్పి పుట్టగానే గుర్తుకు వచ్చేది ఆ చేతులే. ఆడుకోవాలనిపించినప్పుడు మీ దగ్గరికి రావడం కూడా ఆ లెక్క ప్రకారమే. ఏ పనికి ఎవరు అన్నది మీ పాప తేల్చుకుంది. ఆ పంపకం చేసిపెట్టింది మాత్రం పెద్దవాళ్లే.

ఈ విషయంలో పాతదే అయినా ఇప్పటికీ పనికివచ్చే పరిశీలన ఒకటుంది. రూడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిబిడ్డలను వాళ్ల ఇళ్లకే వెళ్లి పదే పదే గమనించి, ఆ వివరాలను 1964లో ప్రచురించారు. బిడ్డ ఎవరికి అతుక్కుపోతుందన్నది ఎవరు ఎక్కువ గంటలు దగ్గరుంటారన్న దానికంటే, బిడ్డ ఇచ్చే సంకేతాన్ని ఎవరు కనిపెట్టి తగినట్టు స్పందిస్తారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని, ఏడాదిన్నర నిండేసరికి చాలామంది పిల్లలకు తల్లితోపాటు తండ్రితోనూ గట్టి బంధం ఏర్పడుతుందని వాళ్లు గుర్తించారు. రోజుకు పన్నెండు గంటలు బయట ఉండే తండ్రికి ఇది ఊరట కలిగించే మాటే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఎగరేసే ఆటలో సంకేతాలు ఇచ్చేది ఎక్కువగా మీరు, స్పందించేది పాప. తడిసిన బట్ట చిరాకు పెడుతున్నప్పుడు, చేతి మడతలో చొక్కా ఇరుక్కున్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నా ఒప్పుకోనప్పుడు సంకేతం తన వైపు నుంచి వస్తుంది. దాన్ని అందుకునే చోట మీరు ఉండటం లేదు.

అందుకని నా సలహా ఒక్కటే: ఆటలో సగం తగ్గించుకుని, ఒక చాకిరీని పుచ్చుకోండి. మీ భార్యకు సాయం చేస్తున్నట్టుగా కాదు, ఇక అది పూర్తిగా మీదే అన్నట్టుగా. మీ వేళలను బట్టి చూస్తే పడుకోబెట్టే పని మీకు సరిగ్గా సరిపోతుంది.

దానికి ముందు, రాత్రి పదింటికి పడుకోబెట్టే ఆ లెక్క మార్చాలి. ఒకటి, రెండేళ్ల వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు రాసిన వేళల ప్రకారం మీ పాపకు దక్కుతున్నది పదిన్నర గంటలే, అదీ పడుకోబెట్టిన మరుక్షణం నిద్రపోతే. రాత్రి పదింటికి మీ చెయ్యి తోసేసేది కళ్లు మూతలు పడుతూ, ఒళ్లు అలిసిపోయి, అంతకు పది నిమిషాల ముందు ఆట వేడిలో ఉన్న పిల్ల. ఆ స్థితిలో ఎవరైనా పాత అలవాటునే వెతుక్కుంటారు. కనుక మీరు వచ్చాక పరుగులు వద్దు. ఎనిమిదిన్నరకు వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, నేరుగా పాప పని మొదలుపెట్టండి: పళ్లు తోమడం, బట్టలు మార్చడం, ఒక కథ, దీపం ఆర్పడం. రోజూ అదే వరుసలో జరగాలి, ఎందుకంటే ఆ వయసు పిల్లలకు గడియారం ఆ వరుసే. తొమ్మిది, తొమ్మిదింపావుకల్లా పాప మంచం మీద ఉండాలి.

మొదటి వారం సులువుగా గడవదు. ‘అమ్మే’ అని ఏడుస్తుంది. ఆ సమయంలో వాళ్లమ్మ అదే గదిలో కూర్చుని చూస్తూ ఉంటే పని జరగదు. ఆమె కాసేపు మరో గదిలో ఉండటం మేలు. మీరు పాప మాటను కొట్టిపారేయకండి, బతిమాలకండి, నొచ్చుకున్నట్టు ముఖం పెట్టకండి. ‘అమ్మ కావాలని ఉంది. అమ్మ పక్క గదిలోనే ఉంది. ఇవాళ చొక్కా నాన్న తొడుగుతాడు. ఎర్రది వేసుకుందామా, పచ్చదా?’ అని నెమ్మదిగా అడిగి, రెండు చొక్కాలూ ఎదురుగా పట్టుకోండి. తన చేతిలో కాస్త నిర్ణయం ఉందనిపించడమే ఆ వయసులో పెద్ద విషయం. ఏడుపు మరీ భయంగా మారితే వాళ్లమ్మను పిలవండి, అందులో ఓటమి ఏమీ లేదు, మర్నాడు మళ్లీ మీరే మొదలుపెట్టండి.

ఇక ఉదయం. ఏడింటి నుంచి ఎనిమిదిన్నర వరకు పాప నిద్ర తీరి, హుషారుగా ఉండే గంటన్నర మీకు ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆ గంటన్నర సాధారణంగా ఫోన్‌కు, ఇస్త్రీకి పోతుంది. అందులో ఇరవై నిమిషాలు తల దువ్వే పనికి కేటాయించి చూడండి. తల దువ్వడం తండ్రుల పని కాదని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు మొదటిసారి దువ్వెన పట్టి కుదుళ్ల నుంచి కిందికి లాగితే, ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. తర్వాత తెలిసిన కిటుకు చిన్నదే: జుట్టు కాస్త తడిపి, చిక్కుకు పైభాగాన పిడికిలితో పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. అప్పుడు లాగే బలమంతా మన పిడికిలి మీద పడుతుంది, తల మీద కాదు. నేను కట్టిన పిలక చాన్నాళ్లు ఎడమ పక్కకే వాలి ఉండేది. మా అమ్మాయి మాత్రం తల కదపకుండా కూర్చుని, ఆ పది నిమిషాల్లో, రోజంతా ఎవరికీ చెప్పని సంగతులు ఒక్కో మాటగా చెప్పేది. ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడతారన్నది నా అనుభవం. మేజోళ్లు తనే వేసుకుంటానని పట్టుబడితే, మడమ పైకి తిరిగినా సరే, వేసుకోనివ్వండి. దానికి పట్టే నిమిషాలు కలిసి రావాలంటే మీరు ఇంకాస్త ముందు లేవాలి.

చివరిగా, జారుకోవడం మానేయండి. కంట పడకుండా వెళ్లిపోతే ఏడుపు మీకు వినిపించదు, అంతే. నాన్న ఏ నిమిషంలోనైనా మాయం కావచ్చని తెలిసిన పిల్ల, మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా మిమ్మల్ని కాపలా కాస్తుంది. కాళ్లకు చుట్టుకోవడం పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు. రోజూ ఒకే మాట, ఒకే ముద్దు, తలుపు దగ్గర ఒకే చెయ్యి ఊపడం. ‘ఎనిమిదిన్నరకు వస్తాను’ అంటే పాపకు అర్థం కాదు. ‘చీకటి పడ్డాక వస్తాను, నీ చొక్కా నేనే మారుస్తాను’ అంటే అర్థమవుతుంది. ఏడ్చినా తిరిగి లోపలికి రాకండి. రెండోసారి వీడ్కోలు మొదటిదానికంటే కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: నా భార్య ఇటీవల తిరిగి ఉద్యోగంలో చేరింది. ఏడాదిన్నర పాపకు స్నానం చేయించడం, శుభ్రం చేయడం సగం రోజులు నా వంతయింది. ఆడపిల్ల కనుక ఎలా చేయాలో తెలియక తడబడుతున్నాను. నేను చేసిన ప్రతి పనినీ నా భార్య మళ్లీ సరిచేస్తోంది. పక్కకు తప్పుకోవడమే మంచిదా?

జవాబు: తప్పుకోవద్దు. చేతకానితనం అనుకుంటున్నది చాలావరకు ఎవరూ చెప్పకపోవడమే. ఆడపిల్లను శుభ్రం చేసేటప్పుడు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి తుడవాలి, కడగాలి. మలంలోని సూక్ష్మజీవులు మూత్రమార్గం వైపు చేరకుండా ఉండటానికే ఈ నియమం. పైపైన మామూలు నీళ్లతో కడిగితే చాలు, లోపల సబ్బుతో రుద్దే అవసరం లేదు. స్నానానికి తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలిపి, మోచేతితో చూసుకోండి. అరచేతికి వేడి అంతగా తెలియదు. తువ్వాలు, బట్టలు ముందే పక్కన పెట్టుకోండి, ఎందుకంటే కొద్ది అంగుళాల నీళ్లు కూడా ఆ వయసు పిల్లలకు ప్రాణాపాయం, అదీ చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఫోన్ మోగినా, తలుపు తట్టినా పాపను నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు, వెళ్లక తప్పకపోతే తువ్వాలు చుట్టి ఎత్తుకునే వెళ్లాలి.

సరిదిద్దే విషయం మీ భార్యతో పని జరుగుతున్నప్పుడు కాకుండా, పాప నిద్రపోయాక మాట్లాడండి. భద్రతకు సంబంధించినవి ఇద్దరూ ఒకేలా చేయాలని, మిగిలినవి ఎవరి వంతు వారి పద్ధతిలో చేయవచ్చని ఒప్పందానికి రండి. గుండీలు తప్పుగా పెట్టుకున్న గౌనుతో పాప సాయంత్రం దాకా తిరిగితే నష్టం లేదు. మీ వైపు నుంచీ ఒక పని ఉంది: గోళ్లు ఎప్పుడు కత్తిరించాలి, టీకా తేదీ ఎప్పుడు, ఏ చెప్పులు బిగుతయ్యాయి అన్నవి ఆమెను అడగకుండా మీరే గుర్తుంచుకోవాలి. అడిగి చేసే పనిలో సగం బరువు అవతలివారి మీదే ఉంటుంది.

ప్రశ్న: పని మీద నెలకు పది రోజులు బయటి ఊళ్లలో ఉంటాను. రెండేళ్లు నిండని మా పాప వీడియో కాల్‌లో రెండు నిమిషాలకే లేచిపోతుంది. ఇంటికి తిరిగి వస్తే ఒక పూట దాకా దగ్గరికి రాదు. ఫోన్ తెర చూపించడం మంచిదేనా అన్న అనుమానం కూడా ఉంది.

జవాబు: ఏడాది వయసు పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించడం వద్దని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటాయి. మనిషితో మాట్లాడటాన్ని మాత్రం బొమ్మల వీడియోలతో కలిపి చూడనక్కర్లేదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఏడాదిన్నర లోపు పిల్లల విషయంలో వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. రెండు నిమిషాలు చాలు. ‘నాన్నకు హలో చెప్పు’ అని పాపను నిలదీయకుండా, రోజూ ఒకే వేళకు చేసి, దోబూచులాడి ముగించండి.

తిరిగి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఎత్తుకోబోకండి. కాస్త దూరంలో నేల మీద కూర్చుని, వాళ్లమ్మతో మాట్లాడుతూ పెట్టె విప్పండి. పాప తనంతట తనే వచ్చి, ఒక చొక్కా లాగి, మీ ముఖంలోకి చూస్తుంది. అప్పుడు రెండోది మీరే తన చేతికి ఇవ్వండి. పెట్టెలో మందులు, గడ్డం గీసుకునే బ్లేడు, నాణెం లాంటి గుండ్రటి చిన్న బ్యాటరీలు ఉంటే మాత్రం ముందే తీసి పైన పెట్టండి. ఆ బ్యాటరీ మింగితే గొంతులో రెండు గంటల్లోనే కాలిన పుండ్లు పడతాయి. మింగిందన్న అనుమానం కలిగినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.