మూడు మీటర్లలో ఏది నిజం చెబుతోంది?

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు అప్పగించిన పాత కాగితాల గదిలో మూడు తేమ మీటర్లు ఉన్నాయనీ, ఒకే పూట ఒక డిజిటల్ మీటరు 58, రెండోది 63, గోడకున్న డయల్ 71 శాతం చూపించాయనీ రాశావు. దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్ పడుతున్నావు. గాలిలోని తేమను లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫయర్ వేయమంటావా పెదనాన్నా అని అడిగావు. ఇప్పుడే వేయకు. కాగితాల మీద బూజు లేదు, నిమ్ము వాసన లేదు అన్నావు కాబట్టి ఒక వారం ఆగితే నష్టం లేదు. గదిలో తేమను కొలవడానికి ముందు ఆ మీటర్లనే కొలవాలి. ఈ పని నేను ముప్పై ఏళ్లకు పైగా చేశాను. తొందరపడి ఒకసారి తప్పు కూడా చేశాను, ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ముందు 58, 63ల సంగతి. అవి పోట్లాడుకుంటున్నాయని నువ్వు అనుకుంటున్నావు గానీ, నా లెక్కలో అవి ఒకే మాట చెబుతూ ఉండవచ్చు. డిజిటల్ మీటరు లోపల గోరుకన్నా చిన్న సెన్సర్ ఉంటుంది. రెండు పలకల మధ్య పలుచని పాలిమర్ పొర. ఆ పొర గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకున్న కొద్దీ దాని విద్యుత్ కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకునే శక్తి, మారుతుంది, మీటరు ఆ మార్పును శాతంగా చూపిస్తుంది. మంచి సెన్సర్ అయినా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది, చవక రకానికి ఐదు శాతం దాకా వదిలేయాలి. అంటే 58 చూపేది నిజంగా 61 కావచ్చు, 63 చూపేది కూడా 61 కావచ్చు. తెర మీద 63.4 అని దశాంశం కనబడితే మోసపోకు. అంకె సన్నగా చూపించడం వేరు, సరిగ్గా చూపించడం వేరు.

రెండోది, అవి ఎక్కడున్నాయి? ఒకటి బీరువా మీద, ఒకటి కిటికీ పక్కన, డయల్ బయటి గోడకు. ఇది చాలా ముఖ్యం, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. మనం శాతంలో చెప్పేది సాపేక్ష ఆర్ద్రత. ఒక ఉష్ణోగ్రత దగ్గర గాలిలో గరిష్ఠంగా ఎంత నీటి ఆవిరి ఉండగలదో, అందులో ఇప్పుడు ఎంత వంతు ఉందో అది చెబుతుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాములతో గాలి నిండిపోతుంది. 30 డిగ్రీలకు 30 గ్రాములు పడతాయి. కాబట్టి ఆవిరి ఒక్క గ్రాము కూడా మారకుండానే ఉష్ణోగ్రత మారితే చాలు, శాతం మారిపోతుంది. నీ గది మధ్యలో 25 డిగ్రీలు, 60 శాతం ఉందనుకో. అదే గాలి 20 డిగ్రీల చల్లని గోడను తాకితే అక్కడ 81 శాతం అవుతుంది. గది మధ్యలో పెట్టిన మీటరు అంతా బాగుందంటుంది, గోడకు ఆనించిన బీరువా వెనక బూజు మొదలవుతుంది. అందుకే బయటి గోడకున్న డయల్ ఎక్కువ చూపిస్తోందని దాన్ని వెంటనే తప్పు పట్టకు. గోడ నిజంగానే చల్లగా ఉందేమో.

దీనికి మంచి ఉపాయం ఉంది. రెండు చోట్ల శాతాలను పోల్చకుండా తుషార స్థానాలను పోల్చు. గాలిని ఎంతవరకు చల్లబరిస్తే నీరు పట్టడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రతే తుషార స్థానం. నేను చెప్పిన 25 డిగ్రీల, 60 శాతం గాలికి అది సుమారు 16.7. గోడ దగ్గర 20 డిగ్రీలు, 81 శాతానికి లెక్క కట్టినా అదే వస్తుంది, ఎందుకంటే ఆవిరి అదే. చాలా డిజిటల్ మీటర్లలో ఒక బటన్ నొక్కితే ఇది కనిపిస్తుంది. రెండు చోట్లా తుషార స్థానం దాదాపు ఒకటే వస్తే తేమ సమానమే, తేడా వేడిలో ఉంది. అప్పుడు డీహ్యూమిడిఫయర్ కంటే బీరువాను గోడకు ఒక జానెడు ఎడంగా జరపడమే సరైన పని.

ఇక పరీక్ష. మూడు మీటర్లనూ ఒకే చోట, గది మధ్యలో బల్ల మీద పక్కపక్కన పెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున వెళ్లి దూరం నుంచే చదువు. మన ఊపిరి దాదాపు నిండా తడిసిన గాలి, దగ్గరికి వంగి చూస్తే ముల్లు కదులుతుంది. మూడు అంకెలూ రాసుకున్నాక ఉప్పు పరీక్ష చెయ్.

ఇది నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష. శుద్ధి చేసిన మామూలు ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కలు డిస్టిల్డ్ వాటర్ కలుపు. తడి ఇసుకలా ఉండాలి, పైన నీళ్లు తేలకూడదు. ఉప్పంతా కరిగిపోతే పరీక్ష చెడినట్టే. ఆ మూతనూ మీటరునూ గాలి చొరబడని పారదర్శకమైన డబ్బాలో పెట్టి మూసెయ్. ఉప్పు మీటరుకు తగలకూడదు. డబ్బా మీద ఎండ పడకూడదు, ఫ్యాన్ గాలీ ఏసీ గాలీ తగలకూడదు. పన్నెండు గంటలకు ముందు చూడకు, ఒక రోజంతా ఉంచితే ఇంకా మేలు. మూసిన డబ్బాలో తడి ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర 75.5, 25 దగ్గర 75.3, 30 దగ్గర 75.1. వేడి మారినా ఇంత కొంచెమే మారడం వల్ల ఇది మనకు నమ్మకమైన కొలబద్ద అయింది. మీటరు 79 చూపిస్తే నాలుగు ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ తేడానూ తేదీనీ చిన్న కాగితం మీద రాసి మీటరు వెనక అంటించు.

ఒక్క చోట పరీక్షించి ఊరుకోకు. 75 దగ్గర నాలుగు ఎక్కువ చూపే మీటరు 35 దగ్గర కూడా నాలుగే ఎక్కువ చూపిస్తుందని హామీ లేదు. మెగ్నీషియం క్లోరైడ్ తెప్పించుకో, అదే పద్ధతిలో చేస్తే 33 శాతం వస్తుంది. నీ కాగితాలు ఉండాల్సిన తేమ ఈ రెండింటి మధ్యలో పడుతుంది కాబట్టి ఈ రెండు చాలు. ఏడాదికి ఒకసారి మళ్లీ చెయ్. ఆ గదిలో పెయింట్ వేసినా, స్పిరిట్‌తోనో ఘాటైన రసాయనాలతోనో శుభ్రం చేసినా ముందు డిజిటల్ మీటర్లను బయటికి తీసెయ్. ఆ ఆవిర్లు పాలిమర్ పొరను పాడుచేస్తాయి. మీటరు ఆగిపోదు, మెల్లగా తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. ఆగిపోయే మీటరు కంటే ఇది ప్రమాదం.

డయల్ వెనక మూత ఉంటే విప్పి చూడు. లోపల చుట్ట తిరిగిన లోహపు పట్టీ ఉంటే ఉప్పు పరీక్ష ఫలితం చూశాక దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఆ రకం పది శాతం దాకా తప్పు చూపించడం నేను చాలాసార్లు చూశాను. సన్నని వెంట్రుకల కట్ట కనిపిస్తే మాత్రం దాన్ని పారేయకు, నా మాట విను. మనిషి వెంట్రుక తేమకు సాగుతుంది. పూర్తిగా పొడిగాలి నుంచి పూర్తిగా తడిగాలికి వచ్చేసరికి దాని పొడవు రెండు, రెండున్నర శాతం పెరుగుతుంది. 1783లో సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త ఈ గుణం గురించి, దానితో చేసిన మీటరు గురించి వివరంగా రాశాడు. జిడ్డు తీసిన వెంట్రుకతో ఆయన పెట్టిన పద్ధతే నీ గోడ మీద ఉండవచ్చు. చాలాకాలం పొడిగాలిలో ఉంటే వెంట్రుక మొద్దుబారుతుంది. తడిపి పిండిన గుడ్డ చుట్టి ఒక గంట ఉంచు, ముల్లు 95 దాటి ఆగాలి. అలా ఆగకపోతే వెనక ఉన్న స్క్రూను నెమ్మదిగా తిప్పి సరిచేయాలి, కానీ నన్ను అడిగాకే. డిజిటల్ మీటరుకు మాత్రం ఎప్పుడూ తడిగుడ్డ చుట్టకు.

బీరువాలో రెండు థర్మామీటర్లున్న, గిరగిర తిప్పే పిడి పరికరం ఒకటి దొరికిందన్నావు కదా, అది సైక్రోమీటర్. ఒక బల్బుకు తడి గుడ్డ ఉంటుంది, నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది. రెండు అంకెలనూ బట్టి తేమ శాతం చెప్పే పట్టిక ఉంటుంది. పొడి బల్బు 30, తడి బల్బు 25 అయితే పట్టికలో సుమారు 67 శాతం. తడి బల్బును 26 అని ఒక్క డిగ్రీ తప్పుగా చదివావంటే 73 అవుతుంది. అందుకని నీడలో నిలబడి, ఒంటికి దూరంగా పట్టుకుని, రెండు నిమిషాలు వేగంగా తిప్పు. ఆపగానే ముందు తడి బల్బును చదువు. వరసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా మళ్లీ తిప్పు. సెకనుకు కనీసం మూడు మీటర్ల గాలి తగలకపోతే అది చెప్పే మాటకు విలువ లేదు.

నా తప్పు ఇక్కడే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గరున్న సైక్రోమీటర్ గుడ్డను కుళాయి నీళ్లతో తడిపేవాణ్ణి. నీటిలోని లవణాలు పేరుకుని గుడ్డ గట్టిపడింది. ఆవిరి సరిగా పోదు, కాబట్టి తడి బల్బు ఉండాల్సినంత చల్లబడదు, తేమ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పొడి బల్బు 25, తడి బల్బు 19.5, పట్టికలో 60 శాతం. నేను 50కి దించాలని మూడు వారాలు డీహ్యూమిడిఫయర్ నడిపాను. తడి బల్బు 18కి దిగింది, పట్టికలో 50 వచ్చింది. తర్వాత ఒక పెద్దాయన వచ్చి గుడ్డ మార్చి చూస్తే తడి బల్బు 18 నుంచి 16.2కి పడిపోయింది. నేను 50 అనుకుంటున్నది నిజానికి 40. అప్పటికే తోలు అట్టలు బిరుసెక్కాయి, రెండు చెక్క చట్రాలు చీలాయి. అవి మళ్లీ అతకలేదు. ఆ రోజు నుంచి నేను డిస్టిల్డ్ వాటర్ తప్ప వాడలేదు, కొత్త గుడ్డను ఉడికించి జిడ్డు తీయకుండా కట్టలేదు, వేళ్లతో ముట్టలేదు. నువ్వూ అలాగే చెయ్.

పరీక్షలయ్యాక మీటర్లను తిరిగి పెట్టేటప్పుడు ఒకటి గది మధ్యలో, ఛాతీ ఎత్తున ఉంచు. ఒకటి గదిలో అన్నిటికంటే చల్లని మూల, బీరువా వెనక. దీపాలకూ ఏసీకీ ఎండకూ దూరంగా ఉండాలి. చోటు మార్చిన ప్రతిసారీ అరగంట ఆగి చదువు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సమయం, ఉష్ణోగ్రత, తేమ, తుషార స్థానం నోటుబుక్‌లో రాయి. ఉష్ణోగ్రత రాయని తేమ అంకె నాకు పంపకు, దానితో నేనేమీ చెప్పలేను.

ఉప్పు డబ్బా ఫలితాలు మూడు మీటర్లవీ విడివిడిగా రాసి పంపు. డయల్ వెనక మూత తీసినప్పుడు లోపల వెంట్రుకలు కనిపిస్తే ఫొటో తీసి పంపు. స్క్రూ తిప్పే ముందు నేను ఒకసారి చూడాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న