ఆవుల మినరల్ మిక్చర్ గొర్రెలకు పెట్టవచ్చా?

ప్రశ్న: మాకు 40 గొర్రెలున్నాయి. ఆవుల కోసం తెచ్చిన మినరల్ మిక్చర్‌ను మూడు నెలలుగా తౌడులో కలిపి, ఒక్కోదానికి రోజుకు 20 గ్రాములు పెడుతున్నాను. ప్యాకెట్ మీద రాగి 0.1 శాతం అని ఉంది. మొన్న మందను దూరం తోలుకెళ్లి వచ్చాక రెండు గొర్రెలు కాఫీ రంగు మూత్రం పోసి, కళ్లు పచ్చబడి చనిపోయాయి. ఎలుకల మీద పరీక్షించిందే, భయం లేదని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, బొబ్బిలి ప్రాంతం, విజయనగరం జిల్లా

జవాబు: గొర్రెలకు ఆ మిక్చర్ ఈ పూట నుంచే ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది రాగి విషంలా కనిపిస్తోంది.

ఎలుకకు ఏమీ కాలేదని గొర్రెకూ కాదనుకోవద్దు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2005లో ఇచ్చిన పరిమితుల ప్రకారం కిలో ఎండు మేతకు ఎలుక 500 మిల్లీగ్రాముల రాగిని తట్టుకుంటుంది. ఆవు 40, గొర్రె 15 మాత్రమే. ఎలుక అదనపు రాగిని పైత్యరసంలో బయటికి పంపేస్తుంది. గొర్రెకు ఆ శక్తి చాలా తక్కువ, అందుకే అది కార్జంలో పేరుకుపోతుంది. మీరు పెట్టే 20 గ్రాముల్లోనే 20 మిల్లీగ్రాముల రాగి ఉంది. గొర్రె తినేది రోజుకు సుమారు కిలో ఎండు మేత. గడ్డిలో, తౌడులో ఉన్న రాగి దీనికి అదనం.

నెలల తరబడి పైకి ఏమీ తెలియదు. దూరం నడక, ఆకలి, వాన తడుపు లాంటి ఒత్తిడి తగలగానే కార్జంలోని రాగి ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడుతుంది. మూత్రం రంగు మారేది, కళ్లు పచ్చబడేది అందుకే. ఆ దశకు వచ్చిన జీవాన్ని బతికించడం కష్టం. మిగిలిన 38 గురించే నా ఆందోళన. పైకి బాగున్నా వాటిలోనూ రాగి చేరి ఉంటుంది. కొన్ని వారాలు దూరం తోలకండి, సంతకు తీసుకెళ్లకండి. 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి. అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం థయోసల్ఫేట్ ఇస్తే రాగి మెల్లగా బయటికి పోతుంది. మోతాదు ఆయనే చెప్పాలి, సొంతంగా వేయొద్దు.

పిడుదుల వల్ల వచ్చే జబ్బులోనూ మూత్రం ఎర్రగా వస్తుంది, కానీ అందులో జ్వరం ఎక్కువ. కాబట్టి ఇంకోటి చనిపోతే పూడ్చేయకండి, పోస్టుమార్టం చేయించండి. మూత్రపిండాలు నల్లగా నీలి ఛాయలో ఉంటే అనుమానం బలపడుతుంది. కార్జం ముక్కను ల్యాబుకు పంపిస్తే తేలిపోతుంది. ఆ మాంసం ఎవరికీ ఇవ్వకండి, కుక్కలకూ వేయకండి.

గిట్టల పుండ్లకు మైలుతుత్తం నీళ్లలో నడిపించే అలవాటుంటే అదీ మానండి. అదీ రాగే, దాహం వేస్తే గొర్రెలు ఆ నీళ్లు తాగేస్తాయి. దాని బదులు 10 శాతం జింక్ సల్ఫేట్ నీళ్లు వాడండి. ఆవులకు మాత్రం మీ మిక్చర్‌ను ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో మామూలుగానే పెట్టుకోవచ్చు.