ఆ తెల్ల పువ్వు అమెజాన్ స్వోర్డ్‌దేనా? ముందు పువ్వు కింద చూడండి

షాపులో చేపల తొట్టిలో వేసుకునే అమెజాన్ స్వోర్డ్ మొక్క అని ఇచ్చారు, ఇప్పుడు నీళ్ళపైకి మూడు రేకుల తెల్ల పువ్వొచ్చింది, ఇది స్వోర్డేనా అని అడిగారు కదండీ, సరిగ్గా ఈ దెబ్బే నేనూ తిన్నాను కాబట్టి చెప్తున్నా. మాది కోనసీమలో అమలాపురం దగ్గర. ఒక షాపులో 180 రూపాయలు పోసి స్వోర్డ్ అని తెచ్చుకున్నా, నెలన్నరకి పువ్వొచ్చింది, ఇంట్లో అందర్నీ పిలిచి మరీ చూపిస్తే మా మామ్మ ఒక్క చూపు చూసి "ఇదేంట్రా, మన పంటబోదెలో బోల్డుంటది, దీనికీ డబ్బులెట్టావా" అనేసింది. సాయంత్రం చేలోకెళ్ళి చూస్తే, ఆయ్, అదే మొక్క. పేరు ఒట్టీలియా అలిస్మాయిడిస్ అని తర్వాత తెలిసింది.

తమాషా ఏంటంటే స్వోర్డ్‌కీ మూడు తెల్ల రేకులే, ఒట్టీలియాకీ మూడే (ఒక్కోసారి లేత గులాబీ రంగు తిరుగుద్ది), కాబట్టి రేకులు లెక్కెట్టి తేల్చలేం. పువ్వు కింద చూడాలి. ఒట్టీలియాకి ఒక్కో కాడకి ఒక్కటే పువ్వు, దాని కింద పచ్చటి గొట్టంలాంటి సంచి ఉంటది, సంచికి నిలువునా ముడతలు పడ్డ రెక్కలుంటాయి, పువ్వు వాడిపోయాక కాయ అందులోనే పెరుగుద్ది. స్వోర్డ్‌కి అలా కాదు, పొడుగాటి కాడ ఒకటి లేచి కణుపు కణుపుకీ నాలుగైదు పూలు గుత్తుగా వస్తాయి, తర్వాత ఆ కణుపుల దగ్గరే పిల్ల మొక్కలు పుడతాయి, వేళ్ళొచ్చాక తుంచి నాటుకోవచ్చు. ఆకు పట్టుకు చూసినా తెలిసిపోద్దండీ, ఒట్టీలియా ఆకు పల్చగా పెళుసుగా ఉండి చెయ్యి తగిల్తేనే చిరుగుద్ది.

ఈ కింద చూసే అలవాటు మిగతావాటికీ పనికొస్తది. మా కాలవలో రిబ్బన్‌లాంటి ఆకులతో వాలిస్నేరియా ఉంటది, దాని ఆడపువ్వు చిన్న తెల్ల చుక్కే, కానీ కాడ సన్నటి దారంలా నీటిమట్టం దాకా వచ్చేస్తది, పరాగం అందాక ఆ దారం స్ప్రింగులా చుట్టుకుని కాయని కిందకి లాక్కుపోద్ది. మగపూలైతే అడుగునుంచి తెగి పైకి తేలి పిండి చల్లినట్టు కనబడతాయి, నేను మొదట్లో చెత్తనుకుని వలతో తీసి పారేశా! అలాగే కలువ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పువ్వు, రేకులకి నూగు ఉంటే అది కలువ కాదు, నింఫాయిడిస్. కలువకి పువ్వు కాడ అడుగు దుంపలోంచి విడిగా వస్తది, దీనికి ఆకు కిందనుంచే పూలు పుట్టుకొస్తాయి. అనుబియాస్, క్రిప్టోకొరైన్ అనే తొట్టి మొక్కల పూలైతే మనకి కొత్త కాదు, చేమ పువ్వు ఎప్పుడైనా చూసుంటే అదే వాటం, ఒక మడతాకు, లోపల ఒక పుల్ల, అన్నీ ఒకే కుటుంబం మరి. అనుబియాస్ నీళ్ళలోపలే పూసేస్తది, క్రిప్ట్ మాత్రం నీళ్ళు తగ్గించి ఆకులు బయటికి వదిల్తే గానీ మా ఇంట్లో పూయలేదు.

కాడ మొక్కలు, అంటే నిలువుగా కాడ పెరిగి దానికే ఆకులొచ్చే వాటర్ విస్టీరియా, అంబులియా లాంటివి నీళ్ళలో ఉన్నంతకాలం పువ్వు కోసం ఎదురుచూడకండి, మామూలుగా తల బయటికొస్తేనే పూస్తాయి, పైగా బయటి ఆకు వేరేగా ఉంటది, విస్టీరియాకి నీళ్ళలో దువ్వెనలా చీలికలుండి పైన మామూలు ఆకు వస్తది, అది చూసి వేరే మొక్క కలిసిందేమో అని కంగారు పడతారు.

ఇది చదివి బోదెలోకి దిగిపోకండి గానీ. నేను ఊడుపులయ్యాక పురుగుమందు కొట్టిన చేని బోదెలోంచి ఒట్టీలియా పీక్కొచ్చి సరిగ్గా కడక్కుండా తొట్లో వేశా, తెల్లారేసరికి రొయ్యపిల్లలన్నీ అడుగున పడున్నాయి, నత్తలు మాత్రం బానే ఉన్నాయి. ఇప్పుడైతే పెద్ద కాలవ మొక్కే తెచ్చి, విడిగా బకెట్లో రోజూ నీళ్ళు మారుస్తూ రెండు వారాలుంచి అప్పుడు వేస్తున్నా.

మీ పువ్వుది పైనుంచి కాకుండా పక్కనుంచి, కాడ కూడా కనబడేలా ఒక ఫోటో పెట్టండి, గొట్టం ఉందో గుత్తి ఉందో చూస్తే చెప్పేస్తా. పువ్వు మధ్యాహ్నం దాటితే వాడిపోద్ది, పొద్దున్నే తీయండి.